కూర్చుంటే జరిమానా

ప్రపంచంలో అతి ఖరీదైన కాఫీ ఎక్కడ దొరుకుతుందని ఎవరైనా అడిగితే తడుముకోనక్కర్లేదు. వెనిస్‌లో, రియాల్తో వంతెన మెట్ల మీద. 2019 జూలైలో ఇద్దరు జర్మన్లు, వీపున సంచి తగిలించుకుని ఊళ్లు తిరిగే బాపతు, ఆ మెట్ల మీద చతికిలబడి చిన్న స్టవ్వు ముట్టించారు. పొడి వాళ్లదే, గిన్నె వాళ్లదే, స్టవ్వూ వాళ్లదే. దారినపోయే వారెవరో చూసి పోలీసులకి చెప్పారు. పోలీసులు వచ్చి 950 యూరోలు జరిమానా రాసి, ఊరు విడిచి వెళ్లమన్నారు. అప్పటి మారకం లెక్కన డెబ్బై వేల రూపాయల పైమాటే. ఆ కాఫీ వాళ్లు తాగారో, చల్లారిపోయిందో వార్త రాసినవాళ్లు అడగలేదు. అడగాల్సింది.

దానికి నెలన్నర ముందు, జూన్ 2న, అదే ఊళ్లో ఇంకో చిన్న సంగతి జరిగింది. 65 వేల టన్నుల పరిమాణం, 275 మీటర్ల పొడవు ఉన్న ఎమ్మెస్సీ ఓపెరా అనే విహార నౌక అదుపు తప్పి, జ్యూదెక్కా కాలవలో రేవుకి కట్టి ఉన్న టూరిస్టు పడవని గుద్ది, రేవునీ రాసుకుంటూ పోయింది. కొందరికి దెబ్బలు తగిలాయి. పడవలో జనం గట్టు మీదికి దూకి పరిగెత్తడం ప్రపంచమంతా వీడియోల్లో చూసింది. ఇంతేసి ఓడలు ఊరి వాకిట్లోకి రాకూడదని ఇటలీ ప్రభుత్వం తేల్చుకోవడానికి ఆ తర్వాత రెండేళ్లు పట్టింది. 2021 ఆగస్టు 1 నుంచి 25 వేల టన్నులు దాటినవి సాన్ మార్కో చౌకు ముందుకి రాకూడదన్నారు. స్టవ్వు విషయంలో అంత ఆలోచన అక్కర్లేకపోయింది. వెనిస్‌లో చట్టానికి ఒక గుణం ఉంది: ఎదుటివాడి బరువు తగ్గేకొద్దీ దానికి కాళ్లు వస్తాయి.

ఆ ఊరు చూడదగ్గది కాదని నేను అనడం లేదు. 118 చిన్న దీవులు, నాలుగొందల పైచిలుకు వంతెనలు, రోడ్డు మీద ఒక్క కారు లేని నగరం. బురదలో కొయ్య గుంజలు దిగేసి వాటి మీద పాలరాతి మేడలు నిలబెట్టిన మొండితనం. ఏ సందులో తిరిగినా చివర నీళ్లే. చూసి తీరాలి. చూడ్డానికి కళ్లు చాలు. చిక్కల్లా కళ్లతోపాటు మిగతా ఒళ్లు కూడా వెంట వస్తుంది. దానికి కాళ్లు నొప్పి పుడతాయి, ఆకలేస్తుంది, దాహమేస్తుంది, ఆ దాహం తీరాక ఇంకో అవసరం పుడుతుంది, చీకటి పడితే నిద్రొస్తుంది. ఈ ఒంటి మీదే అక్కడి నగరపాలక సంస్థకి కోపం.

కాళ్లు నొప్పి పుట్టి సాన్ మార్కో చౌకులో మెట్ల మీదో, ఏ అరుగు మీదో, వంతెన మీదో కూర్చుని సంచిలోని రొట్టె ముక్క బయటికి తీస్తే 100 నుంచి 200 యూరోలు. ఎండకి చొక్కా విప్పితే 250. కాలవలో దిగితే 350. పావురాలకి గింజలు వేయడం 2008లోనే నిషేధించారు, ఆ తర్వాత వంతు మనుషులది. కూర్చోవాలంటే కుర్చీ కావాలి, కుర్చీ కావాలంటే ఏదో ఒకటి కొనాలి. అదే చౌకులో 1720 నుంచి నడుస్తున్న ఫ్లోరియన్ అనే కాఫీ హోటలు ఉంది. బయట బల్లల దగ్గర వాయిద్యాలు మోగుతుంటే కాఫీకి ఒక ధర, సంగీతానికి విడిగా ఇంకో ధర వేస్తారు. చెవులు మూసుకున్నవాళ్లకి తగ్గింపు లేదు.

ఒక్క విషయంలో మాత్రం ఊరి ఔదార్యాన్ని ఒప్పుకోవాలి. వందకి పైగా వీధి కుళాయిలున్నాయి, నీళ్లు బాగుంటాయి, సీసాలు నింపుకోమని వాళ్లే ప్రచారం చేస్తారు. తాగండి, కడుపునిండా తాగండి. గంట తర్వాత ఊరి మరుగుదొడ్డి దగ్గరికి మీరే వస్తారు, అక్కడ ఒకటిన్నర యూరో. వెనిస్‌లో నీళ్లు తాగడం ఉచితం, విడవడానికే రుసుం. ఊళ్లోని చాలా మేడల మురుగు తరతరాలుగా కాలవల్లోకే పోతోంది, రోజుకి రెండు పోటులు రెండు ఆటులు వచ్చి దాన్ని సముద్రంలోకి లాక్కుపోతాయి. ఇంత పారిశుద్ధ్యం చేస్తున్న సముద్రానికి ఇన్ని వందల ఏళ్లలో ఒక్క యూరో ఇచ్చినవాడు లేడు.

ఇక మనవాడి దగ్గరికి వద్దాం. గుంటూరు అనుకోండి, ఖమ్మం అనుకోండి, మ్యూనిక్‌లో ఎమ్మెస్ చదువుతున్న కుర్రాడు. ఇరవై గంటల పార్ట్‌టైము పని, గదికి అద్దె, ఇంట్లో తీర్చాల్సిన విద్యారుణం. సెలవు దొరికిన వారాంతంలో రాత్రి బస్సెక్కి, ఆల్ప్స్ కొండల్ని నిద్రలో దాటేసి, పొద్దున్నే వెనిస్‌లో దిగుతాడు. హోటలు ఖర్చు ఆదా అవ్వాలనే రాత్రి బస్సు. సంచిలో నాలుగు చపాతీలు, ఇంటి నుంచి వచ్చిన కందిపొడి, పులిహోర పేస్టు, మూత బిగించి మూడు కవర్లలో చుట్టిన గోంగూర సీసా. ఆ సీసా మీద అతనికి ఉన్నంత శ్రద్ధ పాస్‌పోర్టు మీద ఉండదు.

మధ్యాహ్నం వేళకి ఊళ్లో అమ్మ ఫోను.

"తిన్నావా నాన్నా?"

"తిన్నానమ్మా."

"ఏదీ, వీడియో పెట్టు చూస్తాను. అదేంట్రా నిలబడి తింటున్నావ్? నిలబడి తింటే ఒంటికి పడుతుందా? కాసేపు ఎక్కడైనా కూర్చుని తినొచ్చు కదా."

"కూర్చుంటే రెండొందలమ్మా."

"పోన్లే, రెండొందలే కదా, కూర్చో."

"యూరోలు."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత అమ్మ అడిగిన ప్రశ్నకి నగరపాలక సంస్థ దగ్గర కూడా జవాబు ఉండదు: "వాళ్లెక్కడ కూర్చుని తింటార్రా మరి?"

వాళ్లు అంటే వెనిస్ జనం. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఊళ్లోకి అడుగు పెట్టిన రుసుం కట్టాలి. అవును, ఊరికి టికెట్టుంది. 2024 ఏప్రిల్ 25న మొదలుపెట్టారు, ఆ ఊరి దేవుడు సెయింట్ మార్క్ పండుగ రోజున. పండుగ పూట హుండీ తెరవడం మనకి కొత్త కాదు గనక తప్పు పట్టను. పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు దాకా, వచ్చి పోయేవాళ్లు మనిషికి 5 యూరోలు కట్టాలి. మొదటి ఏడాది 29 రోజులు, రెండో ఏడాది 54 రోజులు. 2025 నుంచి ముందుగా కొనకుండా ఆఖరి మూడు రోజుల్లో కొన్నవాళ్లకి 10 యూరోలు. సినిమా హాలు దగ్గర బ్లాకులో అమ్మేవాణ్ణి మన పోలీసులు పట్టుకుంటారు, అక్కడ ఆ పని మునిసిపాలిటీయే స్వయంగా చూసుకుంటుంది.

ఊళ్లో రాత్రి పడుకునేవాళ్లకి ఈ రుసుం లేదు. వాళ్లు గది అద్దెతోపాటు వేరే పన్ను కడతారు. అయితే కట్టక్కర్లేదన్న మాటని ఊరికే నమ్మరు. కట్టక్కర్లేదని వెబ్‌సైట్లో నమోదు చేసుకుని, కట్టక్కర్లేనివాడన్న క్యూఆర్ కోడ్ తీసుకుని, స్టేషను బయట ఆపినవాళ్లకి చూపించాలి. మన తాలూకాఫీసులో తర్ఫీదు పొందినవాళ్లెవరో అక్కడ సలహాదారుగా ఉన్నారని నాకో అనుమానం.

రద్దీ తగ్గించడానికే ఈ టికెట్టు అన్నారు అప్పటి మేయరు లుయీజి బ్రున్యారో. మంచి మాట. మరి ఎంతమంది దాటితే తలుపు మూస్తారు? ఆ అంకె లేదు. లక్ష మంది వచ్చినా లక్ష టికెట్లు అమ్ముతారు. మొదటి ఏడాది 24 లక్షల యూరోలు వసూలయ్యాయి, రెండో ఏడాది 54 లక్షలు. రద్దీ తగ్గిందని గట్టిగా చెప్పగలిగినవాళ్లు దొరకలేదు. పైగా మొదటి ఏడాది ప్రతిపక్షం సభ్యులు అంకెలు తీసి, జనం తగ్గకపోగా పెరిగారని చూపించారు. రుసుం పెట్టిన రోజునే ఊరి జనం వెయ్యి మంది దాకా పియాజ్జాలే రోమాలో పోగై, ఇది ఊరా, ఎగ్జిబిషను గ్రౌండా అని కేకలు వేశారు. అసలు బాధపడాల్సినవాళ్లు టూరిస్టులు కదా, వీళ్లకేం పోయిందని అనుకోకండి. తన ఇంటికి వచ్చిన చుట్టాన్ని వీధి చివర టికెట్టు అడుగుతుంటే ఎవరికైనా కడుపు మండుతుంది.

తలుపు మూయడం వాళ్లకి చేతకాక కాదు. సముద్రానికి బ్రహ్మాండంగా మూస్తారు. ఊరి చుట్టూ ఉన్న ఉప్పునీటి మడుగు లాగూన్‌కీ సముద్రానికీ మధ్య ఉన్న మూడు ముఖద్వారాల్లో 78 ఉక్కు తలుపులు నీటి అడుగున పడుకోబెట్టారు, పేరు మోసే. అయిదొందల కోట్ల యూరోలు దాటిన ఖర్చు, ఏళ్ల తరబడి ఆలస్యం, మధ్యలో 2014లో ముప్పై మందికి పైగా అరెస్టయిన అవినీతి కేసు. ఇందులో మనకి పరాయిగా తోచే సంగతి ఒక్కటీ లేదు, ప్రాజెక్టు చివరికి పూర్తయిందన్నది తప్ప. 2019 నవంబరు 12న పోటు 187 సెంటీమీటర్లు లేచి ఊరిని ముంచినప్పుడు ఆ తలుపులు ఇంకా లేవలేదు. 2020 అక్టోబరులో పోటుకి అడ్డంగా మొదటిసారి లేచాయి, అప్పటి నుంచి పనిచేస్తున్నాయి. పోటు 110 సెంటీమీటర్లకి చేరుతుందనగానే తలుపు లేస్తుంది. సముద్రానికి ఒక అంకె ఉంది. దాటితే లోపలికి రానివ్వరు, బతిమాలినా రానివ్వరు, పదింతలు కడతానన్నా రానివ్వరు. సముద్రం దగ్గర క్రెడిట్ కార్డు లేదు కాబట్టి దానికి హద్దు పెట్టారు. మనిషి దగ్గర ఉంది కాబట్టి ధర పెట్టారు.

ఊళ్లోకి వచ్చిన కుర్రాడు కాలవ అవతలికి వెళ్లాలి. అక్కడ సిటీ బస్సంటే వాపొరెట్టో అనే పడవ. టికెట్టు 9.50 యూరోలు, 75 నిమిషాలు చెల్లుతుంది. పక్కనే నిలబడి, అదే కడ్డీ పట్టుకుని, అదే గాలి పీల్చే స్థానికుడికి పాసు ఉంటే ఒకటిన్నర. స్థానికుడికి తక్కువ ధర ఉండటం న్యాయమే, ఎవరూ కాదనరు. అయితే ఆ ధరకి ఎక్కే స్థానికుడు పడవలో ఎక్కడున్నాడని వెతకాలి, అదీ బాధ. ఇక గొండోలా. దాని రేటు మునిసిపాలిటీయే ఖరారు చేస్తుంది: 2023 చివర్లో పెంచాక పగటిపూట అరగంటకి 90 యూరోలు. తొమ్మిది వేల రూపాయలు. పాట కావాలంటే మళ్లీ వేరు. పడవకి ఆరుగురు ఎక్కేవాళ్లు, 2020లో అయిదుగురికి తగ్గించారు. టూరిస్టులు మునుపటికంటే లావయ్యారని గొండోలా నడిపేవాళ్ల సంఘం వాళ్లే కారణం చెప్పారు. మన కుర్రాడు ఆ రేటు విని, వంతెన మీద నిలబడి, వేరేవాళ్లెక్కిన గొండోలాని ఫోటో తీసి, అందులో తన భుజం వచ్చేలా చూసుకున్నాడు. ఊళ్లో బంధువులకి అది చాలు. బీదవాడి గొండోలా వేరే ఉంది, పేరు త్రగెత్తో, పెద్ద కాలవని ఈ గట్టు నుంచి ఆ గట్టుకి రెండు యూరోలకి దాటిస్తుంది. రెండు నిమిషాల్లో అయిపోతుంది, నిలబడే వెళ్లొచ్చు. నిలబడటం ఈసరికి అలవాటైపోయింది కదా.

ఇలాంటి కుర్రాళ్ల వల్లే ఊరు పాడవుతోందని వెనిస్ పెద్దమనుషులు చాలాకాలంగా చెబుతున్నారు. పొద్దున వస్తారు, కుళాయి నీళ్లు తాగుతారు, ఏమీ కొనరు, చెత్త పడేసి సాయంత్రం పోతారు. మాకు కావలసింది నాణ్యమైన సందర్శకులు అంటారు. నాణ్యం అంటే ఏమిటో 2025 జూన్‌లో ప్రపంచానికి చూపించారు. జెఫ్ బెజోస్, లారెన్ సాంచెజ్‌ల పెళ్లి. ఖర్చు నాలుగు నుంచి అయిదు కోట్ల యూరోల మధ్య ఉంటుందని వెనెతో ప్రాంత అప్పటి అధ్యక్షుడు లూకా జాయా పెళ్లివారి తరఫు మనిషిలా లెక్క చెప్పాడు. సాన్ జార్జో మజ్జోరే దీవిలో వేడుక. చిన్న విమానాలు వరసగా దిగాయి. సినిమావాళ్లూ, కోటీశ్వరులూ కలిసి రెండొందల మంది దాకా అతిథులు. అంతకు ముందు ఏడాదే టూరిస్టు గుంపుల్లో 25 మందికి మించి ఉండకూడదని, గైడు మైకు వాడకూడదని ఊళ్లో నియమం పెట్టారు. అది గైడు వెనక నడిచేవాళ్లకి. పెళ్లివారికి గైడు లేడు, కాబట్టి వర్తించదు.

ఊరివాళ్లు ఊరుకోలేదు. విందు జరిగే చోటికి వెళ్లే కాలవల్లో గాలి బొమ్మ మొసళ్లతో దిగుతామని బెదిరించారు, దెబ్బకి ఒక విందు వేదిక మార్చుకోవాల్సి వచ్చింది. సాన్ మార్కో చౌకులో గ్రీన్‌పీస్ ఉద్యమకారులు పెద్ద బట్ట పరిచి, నీ పెళ్లికి వెనిస్‌ని అద్దెకి తీసుకోగలిగినవాడివి పన్ను కూడా ఇంకాస్త కట్టగలవు అన్న అర్థంలో రాశారు. పోలీసులు వచ్చారు, ఆ బట్ట చుట్టేయాల్సి వచ్చింది. చౌకులో ఏదైనా పరుచుకుని కూర్చోవడం నేరమని ఇంతకు ముందే మనవి చేశాను.

ఇందులో నాకు అన్నిటికంటే రుచించిన సంగతి వేరే. ఆ శుక్ర, శని, ఆదివారాలు టికెట్టు పెట్టిన 54 రోజుల్లోవే. ఊళ్లో రాత్రి బస చేసినవాళ్లకి టికెట్టు లేదు. అంటే రాజప్రాసాదాల్లాంటి హోటళ్లలో దిగిన పెళ్లివారు ఆ 5 యూరోలు కట్టక్కర్లేదు. బస్సులో రాత్రంతా మెడ వాల్చి పడుకుని వచ్చిన కుర్రాడు కట్టాలి. ఆఖరి నిమిషంలో సెలవు దొరికింది గనక పది.

వెనిస్ వాళ్లని సంచి తగిలించుకున్నవాడు ఎందుకింత చిరాకు పెడతాడో చరిత్ర చదివితే అర్థం కాదు. ప్రపంచంలో అందరికంటే పేరు మోసిన దేశద్రిమ్మరి వాళ్ల ఊరివాడే. విమానాశ్రయానికి పెట్టుకున్న పేరు కూడా అతనిదే: మార్కో పోలో. జెనోవా జైల్లో కూర్చుని ఇంకో ఖైదీకి చెప్పి రాయించిన తన యాత్రల్లో ముత్ఫిలి అని ఒక రాజ్యం ముచ్చట చెబుతాడు. అది మన మోటుపల్లి అనీ, భర్త పోయాక న్యాయంగా రాజ్యమేలుతున్న మహారాణి అని అతను మెచ్చుకున్నది రుద్రమదేవిననీ చరిత్రకారులు అంటారు. అక్కడి వజ్రాల గురించి కోతలు కోశాడు, సాలెగూడంత సన్నని బట్టల గురించి నోరు తెరిచాడు. కూర్చున్నందుకు కాకతీయులు రుసుం అడిగారని మాత్రం ఎక్కడా అనలేదు.

అడగకపోవడానికి కారణం రాతి మీద ఉంది. రుద్రమ తండ్రి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో ఒక అభయశాసనం వేయించాడు. ఇప్పటికీ బాపట్ల జిల్లా మోటుపల్లి వీరభద్రాలయంలో ఆ స్తంభం ఉంది. దాని సారాంశం ఇది: పూర్వపు రాజులు గాలివానకి కొట్టుకొచ్చి ఒడ్డుకి తగిలిన పరాయి ఓడల సరుకంతా లాక్కునేవారు, మేము అలా చేయం, ప్రాణాలకి తెగించి సముద్రం దాటి వచ్చినవాళ్లు కాబట్టి న్యాయమైన సుంకం తప్ప ఏమీ తీసుకోం. ఆ సుంకం ముప్పయ్యో వంతు. దీన్ని చూసి మనం మీసం మెలేయనక్కర్లేదు. ఆ రేవు ఇవాళ రేవు కాదు, స్తంభం చూడ్డానికి వచ్చేవాళ్లు కూడా లేరు. అయినా లెక్క లెక్కే. వెనిస్‌వాడు మన తీరానికి వచ్చేనాటికి రాజు రాయించి ఉంచింది అభయం. మన కుర్రాడి అమ్మానాన్నలు వెనిస్ చూడాలంటే 90 యూరోల వీసా రుసుం, 30 వేల యూరోలకి బీమా, బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతం చీటీలు, తిరుగు టికెట్టు, బస చేసే గది రసీదు. ఇంత ఇచ్చాక వీసా రాకపోతే రుసుం తిరిగి రాదు. ఓడ మునిగితే సరుకంతా మాదే అన్న పాత రాజుల పద్ధతి అదే కదా, గణపతిదేవుడు ఎత్తేసింది.

కుర్రాడి మీద జాలి పుట్టిందా? కాస్త ఆగండి. వీడూ తక్కువ తినలేదు.

వీడికొక యూట్యూబ్ ఛానెల్ ఉంది. "అయిదు వేల రూపాయల్లో వెనిస్! ఎవరూ చెప్పని రహస్యాలు!" నోరు తెరిచి, కళ్లు పెద్దవి చేసి, వెనక కాలవ, ముందు ఎర్ర బాణం గుర్తు. నాలుగు దాటాక ఊళ్లోకి వస్తే టికెట్టక్కర్లేదన్నది మొదటి రహస్యం. ఏదో ఒక హోటలు పేరు చెప్పి మరుగుదొడ్డి వాడుకోవడం రెండోది. ఊరివాళ్ల పేటలో వాళ్లు నిలబడి తాగే చిన్న దుకాణం కనిపెట్టి, ఒక్క గ్లాసు కొని, నలుగురు తాగి, రెండు గంటలు ఆ గుమ్మం అడ్డంగా నిలబడి వీడియో తీయడం మూడోది. ఆ వీడియో మూడు లక్షల మంది చూశాక ఆ దుకాణం ఊరివాళ్లది కాకుండా పోతుంది. కాయగూరల పడవ ముందు నిలబడి టమాటా చేతిలోకి తీసుకుంటాడు, వాసన చూస్తాడు, కెమెరాకి చూపిస్తాడు, తిరిగి పెట్టేస్తాడు. కొనడు. సంచిలో గోంగూర ఉండగా ఎందుకు కొంటాడు? ఖర్చు పెట్టలేనివాడు పెట్టకపోవడం వేరు, పెట్టకపోవడమే ఘనకార్యమని ప్రపంచానికి చాటుకోవడం వేరు. వెయ్యేళ్ల ఊరిని చూసి వచ్చి వాడు చెప్పేదల్లా ఎక్కడ ఎంత మిగిలిందన్నదే.

అన్నిటికంటే పెద్ద రహస్యం పడక. రెండోసారి వచ్చినప్పుడు అయిదుగురు స్నేహితులతో వచ్చి, ఊరి నడిబొడ్డున ఒక ఫ్లాటు ఆన్‌లైన్‌లో పట్టాడు. ఆరుగురు పడుకుంటే తలకి ఇంతే, హాస్టలు కంటే చౌక. ఆ ఫ్లాటు ఎందుకు ఖాళీగా ఉందన్నది వీడియోలో రాదు. అందులో ఒక కుటుంబం నెల అద్దెకి ఉండేది. నెలంతా వాళ్లిచ్చేది, సీజన్‌లో వారంలో వస్తుంటే ఇంటాయన ఏం చేస్తాడు? కుటుంబం వంతెన దాటి, అవతల నేల మీదున్న మెస్త్రేకి పోయింది. ఆసుపత్రిలో పనిచేసేవాళ్లు, బళ్లో పాఠాలు చెప్పేవాళ్లు, గొండోలా నడిపేవాళ్లు కూడా కొందరు ఇప్పుడు పొద్దున్నే మెస్త్రే నుంచి బస్సులో వెనిస్‌కి వస్తారు, సాయంత్రం పోతారు. వచ్చి పోయేవాళ్లని తిట్టిన ఊరు తన సొంత మనుషుల్నే వచ్చి పోయేవాళ్లుగా మార్చుకుంది.

1951లో ఆ చారిత్రక నగరంలో లక్షా డెబ్బై అయిదు వేల మంది ఉండేవారు. 2022లో యాభై వేలకి దిగారు. రియాల్తో దగ్గర ఒక మందుల షాపు అద్దంలో ఊరి జనాభా చూపే డిజిటల్ బోర్డు పెట్టారు, అంకె దిగుతూనే ఉంటుంది. 2023 నాటికి టూరిస్టులు పడుకునే మంచాలు ఊరి జనం సంఖ్యని దాటిపోయాయి. ఇలాంటి అద్దె ఇళ్లకి హద్దు పెట్టుకునే అధికారం 2022లో పార్లమెంటు వెనిస్ చేతికి ప్రత్యేకంగా ఇచ్చింది. జరిమానా పుస్తకం తెరిచినంత చురుగ్గా ఆ ఫైలు తెరవలేదు. తెరిస్తే చిక్కు: మెట్ల మీద కూర్చున్నవాడికి అక్కడ ఓటు లేదు, ఫ్లాటు అద్దెకిచ్చేవాడికి ఉంది.

రొట్టెల దుకాణం పోయి మాస్కుల దుకాణం వచ్చింది. మాంసం కొట్టు పోయి గాజుకి పేరుపడ్డ మురానో దీవి పేరు తగిలించుకున్న ఎక్కడిదో గాజు వచ్చింది. చెప్పులు కుట్టే మనిషి పోయాడు, ఫ్రిజ్ మీద అంటించే గొండోలాలు వచ్చాయి. కూర్చోవడం, తినడం, పడుకోవడం, ఒక ఇంట్లో నలభై ఏళ్లు ఉండటం, ఇలాంటి మామూలు పనులు ఏ ఊళ్లోనైనా ఊరికే జరిగేవి. అక్కడ ఒక్కోదానికీ ధర కట్టుకుంటూ వచ్చారు. ఆ ధర పెళ్లివారు కట్టగలరు, ఆరుగురు పంచుకుంటే కుర్రాళ్లూ కట్టగలరు. మెస్త్రేకి పోయిన కుటుంబం కట్టలేకపోయింది. వాళ్లెక్కడ కూర్చుని తింటారని గుంటూరులో అమ్మ అడిగింది కదా. మెస్త్రేలో, వంటింట్లో, కుర్చీలో కూర్చునే తింటారు. కుర్చీ కోసమే వెళ్లారు.

కుర్రాడు మాత్రం ఆ ఫ్లాటులో బాగా నిద్రపోయాడు. పొద్దున్నే తాళంచెవి డబ్బాలో వేసేసి, రైల్లో కూర్చుని, అయిదు నక్షత్రాలు ఇచ్చి ఇలా రాశాడు: "సూపర్ లొకేషన్. వంటగది ఉంది, అన్నం వండుకోవచ్చు. రాత్రి రెండింటి దాకా పాటలు పెట్టుకున్నాం, ఎవ్వరూ వచ్చి తలుపు కొట్టలేదు. పక్కింటివాళ్ల గొడవే లేదు."